నాలుగో రోజు పొద్దున సీటు మీద కూర్చోగలగాలి

ఈ నెల కొండ సైకిల్ స్టేజ్ రేసుల గురించి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. అన్నింటికీ పేజీ చాలదు కాబట్టి ఒకే మాట అడిగినవి కలిపేశాను. స్టేజ్ రేసంటే ఒక్క పూటలో తేలిపోయేది కాదు. మూడు రోజులో, ఐదు రోజులో, ఎనిమిది రోజులో, రోజుకొక మజిలీ చొప్పున కొండదారుల్లో తొక్కుతూ పోవాలి. అన్ని రోజుల టైమూ కలిపి లెక్కేస్తారు. మా నాయనకు చిత్తూరులో అద్దె సైకిళ్ళ అంగడి ఉండేది, స్పానర్ పట్టడం అక్కడే నేర్చుకున్నాను. హిమాచల్లో ఎనిమిది రోజుల రేసుకు మూడుసార్లు పోయాను. రెండుసార్లు చివరిదాకా తొక్కాను. మొదటిసారి నాలుగో రోజున ఆగిపోయాను. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ నాలుగో రోజు నేర్పిందే.

అక్కా, గంటన్నర దాటి తొక్కితే సీటు తగిలేచోట ఒరుసుకుపోయి మంట. నెలసరి రోజుల్లో ఇంకా కష్టం. ఎవరినీ అడగలేక మీకు రాస్తున్నా. తొక్కగా తొక్కగా అలవాటైపోతుందని మా గ్రూపులో అన్నలు అంటున్నారు. నిజమేనా? వచ్చే ఏడాది మూడు రోజుల రేసుకు పోవాలని ఉంది. — పేరు వద్దన్న పాఠకురాలు, తిరుపతి

అలవాటు కాదు చెల్లీ. కూర్చునే ఎముకల దగ్గర నొప్పయితే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. చర్మం ఒరుసుకుపోవడం వేరు, అది రోజురోజుకీ ముదురుతుంది. నా మొదటి రేసులో తొలిరోజు సాయంత్రం తొడ సందులో గోరంత ఎర్రమచ్చ కనిపించింది. పట్టించుకోలేదు. రెండో రోజుకి అది గడ్డయింది. మూడో రోజు సగం దారి లేచి నిలబడి తొక్కాను, దాంతో మోకాళ్ళు పట్టేశాయి. నాలుగో రోజు పొద్దున సీటు మీద కూర్చోబోతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊపిరి బాగుంది, కాళ్ళలో శక్తి ఉంది, బండి బాగుంది. గోరంత మచ్చ నన్ను ఇంటికి పంపించింది. ఒకరోజు ఓర్చుకోగలిగింది ఎనిమిది రోజులు ఓర్చుకోలేం అన్నది నాకు ఆ పొద్దున అర్థమైంది.

ముందు సీటు వెడల్పు చూడు. అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి బల్ల మీద వేసి, కాళ్ళు కొంచెం పైకెత్తి దాని మీద కూర్చుని లే. రెండు గుంటలు పడతాయి. వాటి నడుమ దూరం కొలిచి, దానికి రెండు సెంటీమీటర్లు కలుపు. నీకు కావాల్సిన సీటు వెడల్పు ఇంచుమించు అదే. బండితోపాటు వచ్చే సీట్లు ఎక్కువగా మగవాళ్ళ కొలతకు చేసినవి, మన ఎముకలు వాటి అంచుల మీద పడతాయి. మెత్తటి సీటు కొనొద్దు. మెత్తన దిగబడేకొద్దీ ఒరుపు ఎక్కువవుతుంది. తర్వాత ఎత్తు. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు మరీ ఎత్తయితే నడుము అటూ ఇటూ ఊగుతుంది. సగం పుండ్లకు ఆ ఊగుడే కారణం.

ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ లోపల ఇంకే లోదుస్తులూ వేసుకోకూడదు. ఇది చెప్పేవాళ్ళు లేక ఎంతమంది ఆడపిల్లలు బాధపడుతున్నారో! లోపలి బట్టకున్న కుట్టు చర్మాన్ని కోస్తుంది. ఒరుసుకునేచోట ముందే ఒరుపు తగ్గించే క్రీమ్ రాసుకో. అక్కడ షేవింగ్ వద్దు, కత్తెరతో కురచగా కత్తిరించుకుంటే చాలు. షేవింగ్ చేస్తే వెంట్రుక లోపలికి తిరిగి గడ్డ కడుతుంది. తొక్కుడు అయిన పది నిమిషాల్లో ఆ షార్ట్స్ విప్పేసి, కడుక్కుని, ఆరనిచ్చి, వదులు బట్టలు వేసుకో. మూడు రోజుల రేసుకు మూడు షార్ట్స్ పట్టుకెళ్ళు. చలి ఊళ్ళలో రాత్రి ఉతికింది పొద్దుటికి ఆరదు.

నెలసరికి మామూలు ప్యాడ్ మీద గంటలకొద్దీ తొక్కలేం. లోపల పెట్టుకునే కప్పు గానీ టాంపన్ గానీ వాడాలి. ఏదైనా సరే రేసుకు నాలుగైదు నెలల ముందే అలవాటు చేసుకో. మొదటి రెండు నెలలు తికమకగానే ఉంటుంది. తేదీ రేసు మీద పడుతుందేమోనని మాత్రలు మింగే ఆలోచన ఉంటే, డాక్టరమ్మతో ముందే మాట్లాడు.

అడగడానికి సిగ్గుపడ్డానని రాశావు. మంచి ప్రశ్న అడిగావు. ఈ ఉత్తరం చదివి ఇంకో పదిమంది ఊపిరి పీల్చుకుంటారు.

అక్కా, నేను బీటెక్ మూడో ఏడాది. నాన్న అరవై వేలు ఇస్తానన్నాడు. ఆ డబ్బుకి ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న పాత బండి ఒకటి బెంగళూరులో దొరుకుతోంది. స్టేజ్ రేసుకు అదే మేలంటున్నారు. కొనమంటారా? — మదనపల్లె

వద్దు తమ్ముడూ. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న బండి మంచిదే, పెద్ద రేసుల్లో ముందుండేవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా అవే తొక్కుతున్నారు. దాన్ని పోషించడం వేరే సంగతి. వెనక షాక్ సర్వీసు, కీళ్ళలో బేరింగులు, వాటికి దొరకని విడిభాగాలు... అరవై వేల పాత బండికి ఇవన్నీ మొదటి ఏడాదే మీద పడతాయి. మదనపల్లెలో అవి విప్పి బిగించే చెయ్యి ఎవరిది? ముందు ఫోర్కులో మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ తీసుకో. 29 అంగుళాల చక్రాలు, స్ప్రింగ్ కాకుండా గాలితో పనిచేసే ఫోర్కు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చే రిమ్ములు. ముందు ఒకటే పళ్ళ చక్రం, దానికి 30 లేదా 32 పళ్ళు. వెనక పెద్ద పళ్ళ చక్రానికి 50 దాకా. ఐదో రోజు మిట్టల్లో ఆ చిన్న గేరే నిన్ను కాపాడుతుంది. అరవై వేలూ బండికే పెట్టొద్దు. పదిహేను వేలు పక్కన పెట్టి మంచి టైర్లు, షార్ట్స్, బూట్లు, విడిభాగాలు కొను.

టైర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన చేలగట్ల మీద తుమ్మముళ్ళు ఉన్నంతకాలం ట్యూబు మీద నమ్మకం పెట్టుకోలేం. ట్యూబ్‌లెస్ టైరులో పోసే పాలలాంటి ద్రవం ముల్లు గుచ్చుకున్న చిల్లిని లోపలినుంచి మూసేస్తుంది. ఆ ద్రవం మన ఎండకు త్వరగా ఆరిపోయి ముద్దకడుతుంది. ఆరు వారాలకోసారి టైరు తెరిచి చూసుకో, రేసుకు వారం ముందు కొత్తది పోసుకో. ఇక గాలి. పంచర్ అంగట్లో టైరును బొటనవేలితో నొక్కిచూసి రాయిలా అయ్యేదాకా కొడతారు. కొండదారికి అది పనికిరాదు. అరవై కిలోల మనిషికి, 2.25 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకి 20 నుంచి 24 పీఎస్ఐ చాలు, ముందు చక్రానికి ఇంకో రెండు తక్కువ. రాళ్ళ మీద టైరు అణిగి పట్టుకోవాలి. రాయిలాంటి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగురుడంతా నీ అరచేతులూ నడుమూ మోస్తాయి. మూడో రోజుకి చిటికెన వేలు తిమ్మిరెక్కితే ముందు టైరులో గాలి చూడు, ఆ తర్వాత హ్యాండిల్ పట్టు చూడు.

బ్రేకులు. వానలో, బురదలో మెత్తరకం ప్యాడ్లు ఒక్కరోజులో లోహం దాకా అరిగిపోవడం చూశాను. లోహపు పొడితో చేసిన ప్యాడ్లు వేయించుకో, రెండు జతలు వెంట పెట్టుకో. ఇంకో మాట. ఓవరాయిలింగుకి ఇస్తే కొందరు చైన్ మీద కొట్టే స్ప్రేని డిస్కు మీద కూడా పడనిస్తారు. నూనె తాగిన ప్యాడ్ మళ్ళీ పట్టదు. దగ్గరుండి చూసుకో, లేకపోతే నువ్వే చేసుకో. పదకొండు, పన్నెండు గేర్ల బండి అయితే గేజీ పెట్టి చూసి, చైన్ అర శాతం సాగిందంటే మార్చేసెయ్. సాగిన చైన్ ఖరీదైన పళ్ళ చక్రాన్ని కూడా తినేస్తుంది.

నువ్వు అడగకపోయినా ఒక చిన్న ముక్క సంగతి చెప్పాలి. వెనక గేరు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేది వేలెడంత అల్యూమినియం బిళ్ళ. హ్యాంగర్ అంటారు. దెబ్బ తగిలితే ఫ్రేము విరగకుండా ముందు అదే విరగాలని మెత్తగా చేస్తారు. ప్రతి ఫ్రేముకీ దాని రకం వేరు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. నా రెండో రేసులో జోడీగా మా తమ్ముడు వచ్చాడు. ఐదో రోజు వాడి చక్రంలో కట్టెపుల్ల ఇరుక్కుని హ్యాంగర్ ఫట్టుమంది. కొత్తది కొన్నాం, కానీ అది లగేజీ బ్యాగులో ఎక్కి మాకంటే ముందే క్యాంపుకి పోయింది. చేసేదేముంది? చైన్ తెంచి, పొట్టిచేసి, నడిమి పళ్ళకు బిగించి ఒకటే గేరుగా మార్చాను. అక్కడినుంచి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. మిట్ట వస్తే దిగి తోశాం, పల్లంలో వాడి కాళ్ళు గిర్రున తిరిగాయి. గడువుకి ఇరవై నిమిషాల ముందు చేరాం. నలభై గ్రాములు కూడా లేని ఆ బిళ్ళని అప్పటినుంచి సీటు కింది సంచిలోనే ఉంచుతున్నాను. పక్కన చైన్ లింకు ఒకటి, బ్రేకు ప్యాడ్ల జత, టైరు చిల్లికి పెట్టే రబ్బరు పుల్లలు, ఒక ట్యూబు, చిన్న పంపు. బండి కొన్నరోజే దాని హ్యాంగర్ రెండోది కూడా కొనెయ్. రెండేళ్ళ తర్వాత ఆ మోడల్ హ్యాంగర్ దొరుకుతుందో లేదో చెప్పలేం.

అమ్మా, మా అబ్బాయి రేసని చెప్పి ఆదివారాలు నాలుగైదు గంటలు ఎండలో తొక్కి వస్తాడు. వచ్చేటప్పటికి మూడు కిలోలు తగ్గి ఉంటాడు. ఒంటినొప్పులని మాత్ర వేసుకుంటాడు. పోయిన వారం మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చిందట. నాకు భయంగా ఉంది. — ఒక తల్లి, పలమనేరు

అక్కా, మీ భయంలో అర్థముంది. ఈ పేజీ చదవగానే వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మితిమీరి కష్టపెట్టిన కండరం చిట్లి, అందులోని పదార్థం రక్తంలో కలిసినప్పుడు మూత్రం ఆ రంగుకి తిరుగుతుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఒట్టి నీళ్ళ కొరతే కావచ్చు కూడా, కానీ ఇంట్లో కూర్చుని తేల్చుకునే సంగతి కాదు. సీకే, క్రియాటినిన్ అని రెండు రక్తపరీక్షలు ఉంటాయి, డాక్టరు రాస్తారు. ఎన్ని గంటలు తొక్కాడో, ఏ మాత్ర వేసుకున్నాడో దాచకుండా చెప్పమనండి.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు మరింత చేటు. నొప్పిని చంపేసి మళ్ళీ తొక్కడం రేసుల్లో మామూలైపోయింది. అది నాకు చాలా బాధగా ఉంటుంది. డాక్టరు సరేనన్నాక మళ్ళీ తొక్కేటప్పుడు, పోయే ముందూ వచ్చాకా బరువు చూడండి. అరవై కిలోల పిల్లవాడు కిలో, కిలోంబావు తగ్గితే పర్వాలేదు. అంతకు మించితే నీళ్ళు చాలడంలేదని. అలాగని ఒట్టి నీళ్ళు బిందెలకొద్దీ తాగినా రక్తంలో ఉప్పు పలుచబడి ప్రమాదమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్ళలో కలపండి. సగం సీసాలో చిక్కగా కలపకండి. ఎండలో ఎవరైనా మాట తడబడి, ఒళ్ళు కాలిపోతూ కనిపిస్తే, అంబులెన్సు కోసం ఎదురుచూడకుండా ముందు నీడకు చేర్చి ఒంటినిండా నీళ్ళు పోయండి.

నాకు నలభై ఆరు. బ్యాంకు ఉద్యోగం. ఎనిమిది రోజుల రేసు ఒంటికి ఎంత బరువో మనకు తెలిసిన లెక్కలో చెప్పండి. ఈ వయసులో తయారుకావచ్చా? — చిత్తూరు

అన్నా, దక్షిణాఫ్రికాలో కేప్ ఎపిక్ అని ఒకటుంది. 2004లో మొదలైంది. ఇద్దరిద్దరు జట్టుగా ఎనిమిది రోజులు తొక్కుతారు. ఏడాదినిబట్టి 600 నుంచి 700 కిలోమీటర్లు, మొత్తం మీద పదిహేను వేల మీటర్లకు అటూ ఇటూ మిట్ట. తిరుపతినుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల మిట్ట. అంటే రోజుకి దాదాపు మూడుసార్లు తిరుమల ఎక్కి దిగినంత, అలా ఎనిమిది రోజులు వరసగా. అదీ తారురోడ్డు మీద కాదు. రాళ్ళు, ఇసుక, వేర్ల మీద.

నలభై ఆరు అడ్డం కాదు. ముందు గుండె పరీక్ష చేయించుకోండి, ఈసీజీ, ట్రెడ్‌మిల్ రెండూ. అందులో మొహమాటం వద్దు. ఆ తర్వాత ఆరు నెలలు, వారానికి ఎనిమిది నుంచి పది గంటలు. బ్యాంకు పనిరోజుల్లో గంట గంట చొప్పున తొక్కితే చాలు. అసలు పని శని, ఆదివారాలది. రెండో శనివారం నాలుగు గంటలు తొక్కి, ఆదివారం బరువెక్కిన కాళ్ళతోనే లేచి మళ్ళీ మూడు గంటలు తొక్కండి. ఒక్క ఆదివారం ఏడు గంటలు తొక్కడం కన్నా ఇదే మేలు. అలసిన ఒంటితో మర్నాడు తినగలమా, నిద్రపోగలమా అన్నది ఆ ఆదివారం పొద్దున బయటపడుతుంది. నాలుగో వారం సగానికి తగ్గించండి. ఈ వయసులో కండ తిరిగి కట్టుకోవడానికి టైము పడుతుంది, వారానికి రెండుసార్లు గుంజీలు, బరువులు తప్పనిసరి.

హిమాచల్ వైపు పోతే జలోరీ కనుమ 3,120 మీటర్లు. నేపాల్లో యాక్ అటాక్ అనే రేసువాళ్ళు థొరాంగ్ లా కనుమ దాటారు, 5,416 మీటర్లు. అక్కడ మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో ఉన్నదానికి ఇంచుమించు సగం. మనవాళ్ళు హార్స్‌లీ కొండ ఎక్కి ఎత్తుకు అలవాటుపడ్డామనుకుంటారు. మా అవ్వ దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనే పిలిచేది. అది 1,265 మీటర్లే. కాళ్ళకు బ్రహ్మాండమైన కొండ, ఊపిరికి చాలదు. రెండున్నర వేల మీటర్లు దాటే రేసయితే వారం ముందే పోయి అక్కడ పడుకోండి.

తిండి సంగతి. గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. పొట్టకి కూడా దీన్ని అలవాటు చేయాలి, ఒక్కసారిగా తీసుకోదు. విదేశీ జెల్ ప్యాకెట్లు నాకు రెండో రోజుకే వెగటు పుట్టించాయి. మన చిత్తూరు బెల్లం అరవై గ్రాములు ముప్పావు లీటరు నీళ్ళలో కరిగించి, వడగట్టి, పావు చెంచా ఉప్పు, అరచెక్క నిమ్మరసం కలుపుతాను. గంటకు ఒక సీసా. దానికి తోడు అరటిపండు, ఉడికించిన ఉర్లగడ్డ. చెనక్కాయ ఉండలు మిట్టలో తినొద్దు, నూనెగింజ కదా, కడుపులో నిలిచిపోతుంది. సాయంత్రానికి దాచుకోండి. రాగిసంగటి తయారయ్యే నెలల్లో ఎంత తిన్నా మంచిదే, రేసు పొద్దున మాత్రం పీచు తక్కువున్న తెల్లన్నమే మేలు. మజిలీ చేరిన అరగంటలో పెరుగన్నం, రెండు గుడ్లు. ఆకలి లేదనిపిస్తుంది. అయినా తినాలి. రేపటి మిట్ట ఆ పళ్ళెంలోనే ఉంది.

మేడం, మా స్నేహితులం నలుగురం. శేషాచలం అడవిలో లోపలి దారులు ప్రాక్టీసుకి అద్భుతంగా ఉంటాయని విన్నాం. తెల్లవారుజామున పోతే ఎవరూ చూడరట. — తిరుపతి

పోవద్దు నాయనా. అది 1989 నుంచి జాతీయ ఉద్యానం. అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసేవాళ్ళకి చీకట్లో మీరెవరో తెలీదు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయింది, ఆ నొప్పి ఈ ఊరు ఇంకా మర్చిపోలేదు. అడవి దాని ప్రాణులదే.

మనకు తావులు లేవా? చెరువు కట్టలున్నాయి. చంద్రగిరి చుట్టుపక్కల మామిడితోటల్లో బండిదారులున్నాయి, తోట యజమానిని అడిగితే కాదనరు, కోతల సీజనులో మాత్రం అడ్డం పోకండి. ఎండిన స్వర్ణముఖి ఇసుకలో అరగంట తొక్కితే బరువు వెనక్కి వేయడం, హ్యాండిల్ వదులుగా పట్టడం తనంతట వస్తాయి. బాకరాపేట ఘాట్ లారీలు, బస్సులు తిరిగే దారి, చీకట్లో అటు పోవద్దు. కొండ రేసుల్లో బండి భుజాన వేసుకుని ఎక్కే తావులు కూడా ఉంటాయి. ఆ కాళ్ళు కావాలంటే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు నడిచి ఎక్కండి. బండి లేకుండా, భక్తితో.

నేను, నా స్నేహితుడు జోడీగా పేరివ్వాలనుకుంటున్నాం. వాడు నాకంటే చాలా వేగం. ఇబ్బంది అవుతుందా? — శ్రీకాళహస్తి

అవుతుంది, ముందే మాట్లాడుకోకపోతే. కేప్ ఎపిక్‌లో జట్టు ఇద్దరూ రెండు నిమిషాలకు మించి విడిపోకూడదు, విడిపోతే జరిమానా టైము కలుపుతారు. అంటే మీ జట్టు వేగం నీ వేగమే. వాడు ముందుకెళ్ళి మిట్ట మీద నిలబడి ఎదురుచూస్తాడు. నువ్వు రొప్పుతూ చేరగానే వాడు మళ్ళీ బయల్దేరతాడు. వాడికి విశ్రాంతి దొరికింది, నీకు దొరకలేదు. మూడో రోజుకి మాటలు ఆగిపోతాయి. మా తమ్ముడితో నాకిది జరిగింది. ఆ సాయంత్రం టెంటులో కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. మిట్టలో వాడు నా వెనకే రావాలి. చదును దారిలో వాడు ముందుండి గాలికి అడ్డం కాయాలి. నా నీళ్ళసీసా ఒకటి వాడు మోయాలి. తినమని గుర్తుచేయడం నా పని, వాడు మర్చిపోతాడు.

పేరివ్వకముందే ఒక శనివారం, ఆదివారం కలిసి తొక్కండి. రెండో రోజు మధ్యాహ్నం, ఇద్దరికీ ఆకలేసి, ఒకరికి పంచరైనప్పుడు, ఇంకొకరు బండి దిగి పంపు తీసి అందిస్తాడా, ఫోను చూసుకుంటాడా గమనించు. ఏం జరిగిందో నాకు రాయి.